జీన్సు ప్యాంటూ, ఉతుకుడు బండా

పోయిన నెల నా పుట్టినరోజుకి మా అమ్మాయి ఒక జీన్సు ప్యాంటు కొనిపెట్టింది. నలభై ఆరేళ్ళ మనిషికి, డిగ్రీ చదువుతున్న కూతురున్న తల్లికి, జీన్సు ప్యాంటు!

"చీర కొనకూడదుటే?" అన్నాను.

"బీరువా నిండా చీరలేగా అమ్మా! బస్సెక్కేటప్పుడు కుచ్చిళ్ళు తొక్కుకుని పడబోయానని నువ్వే చెప్పావు" అంది.

తలుపేసుకుని తొడుక్కుని చూసుకున్నాను. చెప్పొద్దూ, బాగానే ఉంది. పైన మోకాళ్ళ దాకా కుర్తా వేసుకున్నాక మరీ బాగుంది. మా వారు పేపరు పక్కన పెట్టి చూసి, "ఎవరో అనుకున్నాను" అన్నారు. అది మెచ్చుకోలో, వెక్కిరింతో ఇప్పటికీ తేలలేదు.

మా అత్తగారు మాత్రం వరండాలో వత్తులు చేసుకుంటూ, "గుర్రానికి జీను వేస్తారని తెలుసు గానీ, మనిషికి కూడానా!" అని ఊరుకున్నారు. అంతటితో గండం గడిచిందనుకున్నాను. మూడోరోజు అదే ప్యాంటు మళ్ళీ వేసుకుని బజారుకి బయల్దేరేసరికి అసలు గొడవ వచ్చింది.

"విడిచిన బట్ట ఉతక్కుండా తొడుక్కోవడమేమిటమ్మాయ్?" అన్నారావిడ.

"జీన్సుని ఊరికే ఉతకకూడదు నానమ్మా! పాడైపోతుంది" అంది మా అమ్మాయి లోపల్నించి.

"ఉతికితే పాడైపోయే బట్టా! అదేం బట్టే?"

నిజమే, అదేం బట్ట? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నాలుగు పుస్తకాలు తిరగేశాను. తీరా చూస్తే ఈ జీన్సు కథ మొదలైంది ఒక ఇల్లాలితోనే!

అమెరికాలో, నెవాడా రాష్ట్రంలో రీనో అని ఒక ఊరు. రైలు దారి పడ్డాక లేచిన ఊరు. అక్కడ జేకబ్ డేవిస్ అనే దర్జీ ఉండేవాడు. రీగా నుంచి వలస వచ్చినవాడు. గుడారాలూ, బండి కప్పులూ, గుర్రాల మీద కప్పే దుప్పట్లూ కుట్టేవాడు. 1870 చివరి రోజుల్లో ఒకావిడ ఆ కొట్టుకి వచ్చింది. ఆవిడ భర్త కట్టెలు కొట్టేవాడు, భారీ మనిషి. ఎలాంటి ప్యాంటు కుట్టించినా జేబుల దగ్గర పిగిలిపోయేది. గట్టిది కావాలంది, మూడు డాలర్లు ముందే చేతిలో పెట్టింది.

డేవిస్ దళసరి గుడ్డతో ప్యాంటు కుట్టాడు. బల్లమీద గుర్రపు దుప్పట్లకి పట్టీలు బిగించే రాగి రివెట్లు పడున్నాయి. ఏం తోచిందో, జేబుల మూలల్లో ఆ రివెట్లు కొట్టాడు. ఇక జేబు చిరగలేదు. ఆ ప్యాంటు చూసి ఇంకొకడు, వాణ్ణి చూసి మరొకడు వచ్చారు. ఇది ఎవరైనా కాజేస్తారని భయపడి, పేటెంటు ఖర్చు మీరు పెట్టుకోండి, లాభంలో వాటా తీసుకోండని, తనకి గుడ్డ సరఫరా చేసే శాన్‌ఫ్రాన్సిస్కో వర్తకుడికి 1872లో ఉత్తరం రాశాడు. ఆ వర్తకుడే లివై స్ట్రాస్. బవేరియాలో పుట్టి, 1853లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరి బట్టల వ్యాపారం పెట్టుకున్నవాడు. 1873 మే 20న ఇద్దరి పేరా పేటెంటు వచ్చింది. జీన్సుకి పుట్టినరోజంటే అదే.

బంగారం తవ్వేవాళ్ళ కోసం లివై స్ట్రాస్ గుడారం గుడ్డ కత్తిరించి మొదటి జీన్సు కుట్టాడని ఒక కథ చాలాకాలంగా ప్రచారంలో ఉంది. అది కథే. ఆయన దర్జీ కాదు. కుట్టినవాడు డేవిస్, కుట్టించింది కట్టెలవాడి పెళ్ళాం.

ఆవిణ్ణి నేను మనసులో చూడగలను. వారం వారం సూదీదారం పట్టుకుని చిరిగిన జేబుకి అతుకేసి, అతుకు మీద అతుకేసి, చివరికి విసిగిపోయి, "ఈ చాకిరీ నావల్ల కాదు" అనుకుని మూడు డాలర్లు కొంగున ముడేసుకుని బయల్దేరి ఉంటుంది. కొంగు లేదనుకోండి, మాట వరసకి అన్నాను. పేటెంటు కాగితంలో ఆవిడ ఊసు లేదు.

అంతేకాదు, ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా జీన్సు కుట్టాలని ఆ కంపెనీకి తోచడానికి 1934 దాకా పట్టింది. ఆవిడ మూడు డాలర్లు ఇచ్చిన అరవై ఏళ్ళకి పైచిలుకు! మగవాళ్ళ విషయంలో మాత్రం చిన్న చిన్న ఇబ్బందులు కూడా వెంటనే కనిపెట్టారు. వెనక జేబుల రివెట్లు కుర్చీలనీ, గుర్రపు జీన్లనీ గీకేస్తున్నాయంటే, 1937లో వాటిని గుడ్డ లోపలికి దాచేశారు. మా అత్తగారి జీను మాట ఉత్తిపోలేదన్నమాట.

కూలివాళ్ళ బట్ట కుర్రకారు బట్ట అయింది 1950లలో. 1953లో మార్లన్ బ్రాండో, 1955లో జేమ్స్ డీన్ సినిమాల్లో వేసుకుని తిరిగేసరికి పిల్లలు ఎగబడ్డారు, అక్కడి బళ్ళు కొన్ని జీన్సుతో లోపలికి రావద్దన్నాయి. పెద్దవాళ్ళు వద్దన్నాక పిల్లలు మానతారా? ఏ దేశంలో మానారు గనుక!

మన ఇళ్ళలోకి వచ్చింది బాగా ఆలస్యంగానే. పట్నాల్లో 1970ల నుంచే ఉన్నా, మాలాంటి చిన్న ఊళ్ళకి చేరింది 1990లలో. అహ్మదాబాదులోని అర్వింద్ మిల్సు వాళ్ళు అప్పట్లో రఫ్ అండ్ టఫ్ అని ఒక పొట్లం అమ్మేవారు. అందులో గుడ్డ, జిప్పు, బొత్తాం, రివెట్లు అన్నీ ఉండేవి. తీసుకెళ్ళి మన దర్జీకిస్తే కుట్టిపెట్టేవాడు. మా అన్నయ్య నాన్నగారిని నెల్లాళ్ళు బతిమాలి ఒకటి కొనిపించుకున్నాడు. అప్పుడు నాకు పదహారేళ్ళు.

"నాక్కూడా ఒకటి" అన్నాను అమ్మతో.

"ఆడపిల్లకెందుకే అది?" అంది అమ్మ. కోపంగా కూడా కాదు, మజ్జిగ చిలుకుతూ తల తిప్పకుండా అంది.

నాకు జీన్సు రాలేదు గానీ దానితో సంబంధం మాత్రం ఏర్పడింది. ఆదివారం ఆదివారం మా అన్నయ్య జీన్సు ఉతికే పని నాది. పొడిగా ఉంటేనే బరువు. తడిస్తే ఎత్తలేం. బండమీద పరిచి బ్రష్షు పెట్టి రుద్దితే నీలం నీళ్ళు కాలవ కట్టేవి. నా గోళ్ళు సాయంత్రం దాకా నీలంగానే ఉండేవి. పిండటానికి ఒక చివర నేను, ఒక చివర అమ్మ. అన్నయ్య మాత్రం దండెం మీద అది ఆరిందా లేదా అని చూసి పోయేవాడు. అప్పట్లో ఒకటే ఆశ్చర్యం నాకు, ఇన్నాళ్ళుగా ఉతుకుతున్నాను, ఈ రంగు ఎప్పటికీ ఎందుకు నిలవదని.

దానికి సమాధానం ముప్ఫై ఏళ్ళ తర్వాత దొరికింది. ఆ రంగు నిలవని రంగే. అది నీలిమందు. నూలుపోగుని నీలిమందు తొట్టిలో ముంచి తీస్తే మొదట పసుపుపచ్చగా, ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగిలాక నీలం తిరుగుతుంది. మళ్ళీ ముంచుతారు, మళ్ళీ గాలికి పెడతారు. ఎన్నిసార్లు ముంచినా రంగు పోగు పైపైనే ఉంటుంది, లోపలి నూలు తెల్లగానే ఉండిపోతుంది. నేతలో పడుగు నీలం, పేక తెలుపు. రుద్దినకొద్దీ, ఉతికినకొద్దీ పైపొర రాలి లోపలి తెలుపు బయటపడుతుంది. అంటే ఉతికితే పాడైపోతుందన్న మా అమ్మాయి మాటలో కొంత నిజం ఉంది. పాడవడం కాదు, వెలిసిపోతుంది. దానికి తోడు పాతకాలం జీన్సు మొదటి ఉతుకుకే కుంచించుకుపోయేది. గుడ్డని ముందే కుదించే సాన్‌ఫరైజ్ పద్ధతి 1930లలో వచ్చాక ఆ బెడద తగ్గింది.

నీలిమందు అనగానే తెల్లబట్టలకి పెట్టే నీలం గుర్తొస్తుంది మనకి. ఈ కాలంలో ఆ పొట్లాల్లో ఉండేది వేరే పదార్థం. అసలు నీలిమందు మొక్కనించి వచ్చేది. మన కడప, నెల్లూరు, కర్నూలు ప్రాంతాల్లో పండించేవారు. బెంగాల్లో అయితే తెల్లదొరలు రైతుల మెడమీద కత్తి పెట్టి వేయించేవారు. 1859లో అక్కడి రైతులు తిరగబడ్డారు. మరుసటి ఏడు దీనబంధు మిత్ర రాసిన 'నీల్ దర్పణ్' నాటకం వెలువడింది. బీహారులో చంపారన్ రైతు ఇరవై కఠాల పొలంలో మూడు కఠాలు నీలి వేసి తీరాల్సిందే. 1917లో గాంధీగారు వెళ్ళేదాకా ఆ బాధ తప్పలేదు. ఈలోగా జర్మనీలో 1897లో కృత్రిమ నీలిమందు అమ్మకానికొచ్చింది, మన నీలితోటలు కుప్పకూలాయి. ఈనాటి జీన్సులో దాదాపు అంతా ఆ కృత్రిమ నీలమే. కాబట్టి అన్నయ్య జీన్సు నా గోళ్ళకి పూసిన నీలం మన కడపది కాదు.

సరే, ఇప్పుడు అత్తగారి ప్రశ్న. ఎన్నాళ్ళకోసారి ఉతకాలి?

2014లో లివైస్ కంపెనీ అధిపతి ఒక సభలో, తను వేసుకున్న జీన్సు ఏడాది అయినా వాషింగ్ మెషీను మొహం చూడలేదని చెప్పాడు. లోకమంతా ముక్కు మూసుకుంది! అంతకుముందు 2011లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి పదిహేను నెలలు ఉతక్కుండా ఒకటే జీన్సు వేసుకున్నాడు. తర్వాత దాన్ని ఉతికి, పదమూడు రోజులు వేసుకుని మళ్ళీ పరీక్ష చేయించారు. సూక్ష్మజీవుల లెక్క రెండుసార్లూ ఇంచుమించు ఒకటే! వాసన వచ్చినప్పుడు ఆ అబ్బాయి గాలికి ఆరేసేవాడట.

అలాగని బెజవాడలో మే నెలలో ఆ ప్రయోగం చేస్తే ఇంటిల్లిపాదీ ఊరు వదిలి వెళ్ళాలి. మంచుదేశం లెక్క మనకి కుదరదు. కానీ రోజూ ఉతకడమూ తెలివైన పని కాదు. ఒక జీన్సు పత్తి విత్తినప్పట్నించీ చినిగి అవతల పారేసేదాకా 3,781 లీటర్ల నీళ్ళు తాగుతుందని ఆ కంపెనీయే 2015లో లెక్క కట్టింది. అందులో 68 శాతం పత్తి చేనుకి, 23 శాతం మనం ఇంట్లో ఉతకడానికి. చేను మన చేతిలో లేదు గానీ బక్కెట్టు మన చేతిలోనే ఉంది.

ఇదంతా చెబితే అత్తగారు ఒప్పుకోలేదు. "ఎన్ని లెక్కలు చెప్పినా మైల మైలే" అన్నారు.

అప్పుడు నాకు దండెం మీద ఆవిడ మడి పట్టుచీర కనపడింది. నూలుచీర అయితే రోజూ తడిపి ఆరేసుకుంటేగానీ మడికి పనికిరాదు. పట్టుచీరని మాత్రం పూజ కాగానే విడిచి కర్రతో దండెం మీద వేస్తారు, మర్నాడు అదే కట్టుకుంటారు. దాన్ని తడిపి ఎన్నాళ్ళయిందో!

"మరి మీ పట్టుచీరో?" అన్నాను నెమ్మదిగా.

"పట్టుకి మైలేమిటమ్మాయ్?" అన్నారు చటుక్కున. అని, నా ప్యాంటు కేసి చూసి, ఫక్కున నవ్వేశారు. "అయితే ఇది మీ మడిబట్టన్నమాట! కానివ్వు."

ఆ తర్వాత దగ్గరికి పిలిచి గుడ్డ రెండువేళ్ళతో నలిపి చూశారు. "గట్టిదే. మా కాలంలో ఇలాంటిది ఉంటే మీ మామగారి నిక్కర్లకి అన్ని అతుకులు వేసేదాన్ని కాదు" అన్నారు. రీనోలో కట్టెలవాడి భార్య ఈ మాట వింటే ఎంత సంతోషించేదో!

ఆలోచిస్తే, ఎన్నాళ్ళకి ఉతకాలన్న ప్రశ్నలోనే ఉంది తిరకాసు. ఉతికేది ఎవరో చెప్పకుండా ఆ ప్రశ్న అడుగుతారు. మా అన్నయ్యకి వారానికోసారి సరిపోయేది, చేతులు నావి గనుక. చీర కట్టడం నాకిష్టమే, మానను. కానీ గంజి, ఇస్త్రీ, ఫాలు, పిన్నులు అని అది నాచేత చేయించుకునే సేవ తక్కువేం కాదు. ఈ వయసులో, నాకు సేవ చేసే బట్ట ఒకటైనా ఉంటే తప్పేమిటి చెప్పండి? "ఈ వయసులో ఇదేమిటి" అనేవాళ్ళకి నా జవాబు, ఆ వయసులో ఇవ్వలేదు గనుక.

ఒక్క విషయంలో మాత్రం మా అమ్మాయితో పేచీ పడ్డాను. కొత్తదాన్నే వెలిసిపోయినట్టు చేసి అమ్మే జీన్సు కొనద్దన్నాను. అలా వెలిసేలా చెయ్యడానికి ఇసక ఊదేవారు. ఆ దుమ్ము పీల్చి టర్కీలో పనివాళ్ళ ఊపిరితిత్తులు పాడై ప్రాణాలు పోతే, 2009లో అక్కడ ఆ పద్ధతి నిషేధించారు. వెలిసిపోవడానికి తొందరేమిటి? నన్ను చూడు, ఎవరూ ఇసక ఊదకుండానే జుట్టు తెల్లబడుతోంది కదా!

చివరికి మా ఇంట్లో కుదిరిన ఒప్పందం ఇది. మరక పడితే ఆ మేరకి తడిగుడ్డతో తుడవడం. వేసుకున్నాక గాలికి ఆరేయడం. ఎండాకాలంలో నాలుగైదు సార్లకి, మిగతా రోజుల్లో పదిసార్లకి ఒకసారి ఉతకడం. తిరగేసి, చన్నీళ్ళలో. నీడన ఆరేయడం.

ఇప్పటికి ఎనిమిదిసార్లు అయింది. వచ్చే ఆదివారానికి పది నిండుతాయి. ఆ రోజు మా అన్నయ్య భోజనానికి వస్తానన్నాడు. పెరట్లో బండ కడిగించి, బక్కెట్టు పక్కన బ్రష్షు పెట్టి ఉంచాను.