మాండూ: కొండమీది నీరు

మధ్యప్రదేశ్‌లోని ధార్ పట్టణమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున, వింధ్య పర్వతముల అంచున మాండూ అను చిన్న ఊరు కలదు. కాకడాఖోహ్ అను లోయ దానిని మాళవ పీఠభూమినుండి వేరుచేయుచున్నది. కోటద్వారములను ఒక్కొక్కటిగా దాటుచు బాట పైకి సాగును. 15వ శతాబ్దారంభమున హోషంగ్ షా తన రాజధానిని ధార్‌నుండి ఇచ్చటికి మార్చెను. ఈ నగరమునకు షాదియాబాదు, అనగా ఆనందనగరము, అని పేరు.

యాత్రికులు సాధారణముగా ఇచ్చటికి వచ్చునది బాజ్ బహదూర్, రూపమతుల ప్రణయగాథ వినుటకు. 1561లో అక్బరు సేనాని అధంఖాను దండెత్తి రాగా బాజ్ బహదూర్ పారిపోయెననియు, రూపమతి విషము త్రాగి ప్రాణము విడిచెననియు ఆ కథ చెప్పును. కథ కరుణరసాత్మకమే. కాని మాండూ చరిత్రకు ఆయువుపట్టు ప్రణయము కాదు, నీరు.

ఈ కొండపై నది లేదు. దూరమున కనబడు నర్మద కన్నులకు దక్కునే కాని కడవలకు దక్కదు. కావున ఇచ్చటి శిల్పులు ఆకాశమునే నమ్ముకొనిరి. వానకాలపు నీటిని చెరువులలోను, మెట్లబావులలోను నిలిపి ఏడాది పొడవునను వాడుకొనిరి. ముంజ్ తాలాబు, కపూర్ తాలాబుల నడుమ నిలిచిన జహాజ్ మహలు నీటిపై తేలు నౌకవలె కనబడును. దాని మేడమీది కాలువ చుట్టలు చుట్టుచు సాగును. ఆ వంపులలో నీటి వేగము తగ్గి మట్టి అడుగున నిలుచును. రేవాకుండమునుండి బాజ్ బహదూర్ భవనమునకు నీరెక్కించిన కట్టడము నేటికిని కానవచ్చును. చూపరులకు విలాసముగా తోచునది కట్టినవారికి జీవనావసరము.

18వ శతాబ్దమున మరాఠాల కాలములో అధికారము మరల ధార్‌కు తరలెను. నగరము గ్రామమాయెను. మిగిలినవారిలో భిల్లులు బావోబాబు కాయలను యాత్రికులకు అమ్ముచుందురు. పులుపును బట్టి జనులు దానిని ‘మాండూ చింత’ యందురు. నిజమునకు అది ఆఫ్రికా ఖండపు వృక్షము. గోలకొండ నయాఖిల్లాలోని మహావృక్షమును చూచిన తెలుగువారికి ఆ లావైన మ్రాను క్రొత్త కాదు.

మాండూను చూడదలచినవారు శ్రావణమున పోవలెను. సుల్తానుల ఆజ్ఞలు ఏనాడో మాసిపోయినవి. వాన మాత్రము వారి చెరువులను ఇంకను మరువలేదు.