నడచు పడకలు: కామారెడ్డి బాటపై విడిదిబండ్ల చరిత్ర

విహారమునకు బయలుదేరువారు పడకను, వంటసామగ్రిని, త్రాగునీటిని వాహనములోనే అమర్చుకొని, ప్రొద్దుగ్రుంకిన చోట నిలిచి నిద్రించి, తెల్లవారగనే ముందుకు సాగు పద్ధతి ఇటీవల మన నగరములలో ఒక వేడుకగా వ్యాపించుచున్నది. హైదరాబాదు నుండి 44వ జాతీయ రహదారిపై వచ్చి, కామారెడ్డి వద్ద పడమటికి మరలి, ఎల్లారెడ్డి మీదుగా నిజాంసాగరమునకో పోచారము అడవికో పోదలచినవారికి ఇట్టి వాహనము మిక్కిలి అనుకూలమైనది. ఇది పరదేశములనుండి దిగుమతియైన వేడుక యని పలువురు తలచుచున్నారు. కాని పడకను వెంటగొని పోవు ప్రయాణము ఈ బాటకు కొత్తది కాదు. కనీసము మూడున్నర శతాబ్దములనుండి ఇచ్చట పడకలు నడచుచునే యున్నవి. వాటిని మోసినవారెవరు అను విషయములోనే మార్పు వచ్చినది.

కామారెడ్డిని ఆనుకొని పోవు ఉత్తరపు బాట చాల ప్రాచీనమైనది. గోలకొండ నుండి ఔరంగాబాదు వైపునకును, తరువాతి కాలమున హైదరాబాదు నుండి నాగపూరునకును పోవువారు ఈ ప్రాంతము మీదుగనే సాగిరి. ఫ్రెంచి యాత్రికుడు తెవెనో ఔరంగాబాదు నుండి భాగ్యనగరమునకు వచ్చుచు ఇందూరును, ఇందల్వాయిని చూచెను. ఇందల్వాయిలో తయారగు కత్తులు, బాకులు, ఈటెలు దేశమంతటికి పోవుచుండెనని అతడు వ్రాసినాడు. ఆ ఇందల్వాయి కామారెడ్డికి ఉత్తరముగా, అదే బాటపై నేటికిని కలదు.

ప్రయాణపు ఏర్పాట్ల విషయమున ఎక్కువ వివరములిచ్చినవాడు అతని దేశీయుడే యగు తావెర్నియే. వజ్రముల వర్తకుడగుటచే ఇతడు ప్రతి ఖర్చును లెక్కవేయు స్వభావము గలవాడు. చరిత్రకు ఇట్టివారు చేసిన మేలు కవులు చేయలేదు. 1676లో ప్రకటింపబడిన అతని యాత్రాగ్రంథములో పల్లకి వర్ణన యున్నది. అది ఆరేడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల మంచము. చుట్టును చిన్న పిట్టగోడవంటి కమ్మి. పైన వంచిన వెదురు, దానిపై కప్పు. ముందు ముగ్గురు, వెనుక ముగ్గురు బోయీలు భుజములపై మోసెదరు. ప్రయాణికుడు లోపల పరుండి నిద్రించుచుండగనే దారి తరుగుచుండును. అనగా ఇది నిజమైన శయనవాహనము. ఇక బోయీల జీతమెంత? తలకు నెలకు 4 రూపాయలు. అరువది దినములు మించిన దూరప్రయాణమైనచో 5 రూపాయలు. ఎద్దులబండి అద్దెయో, దినమునకు రమారమి ఒక రూపాయి.

ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. బండికి నెలకు 30 రూపాయలు. ఆరుగురు మనుష్యులకు 24 రూపాయలు! రెండు ఎద్దుల కంటె ఆరుగురు మనుష్యుల భుజములు చవుకగా దొరికిన కాలమది. వేగముగా పోదలచినవారు మార్చుకొనుటకు పన్నెండుగురిని పెట్టుకొనుచుండిరి కావున పల్లకి ఖర్చు అప్పుడు బండిని మించును. అయినను మనిషి శ్రమకు కట్టిన వెల యెంత యల్పమో దీనివలన తెలియగలదు.

ఎద్దుల పోషణ విషయమున తావెర్నియే మరింత శ్రద్ధ చూపెను. మంచి బండియెద్దులు అరువది దినములపాటు దినమునకు పండ్రెండు పదునైదు లీగులు నడువగలవనియు, సగము దారి గడచిన పిమ్మట గోధుమపిండిని వెన్నతోను నల్లబెల్లముతోను కలిపి చేసిన ముద్దలు రెండో మూడో వాటికి పెట్టుదురనియు, సాయంకాలము సెనగలు వేయుదురనియు చెప్పినాడు. పిండిపదార్థము, క్రొవ్వు, చక్కెర, రాత్రికి మాంసకృత్తులు! నేటి పశువైద్యుడు వ్రాసియిచ్చు ఆహారపట్టిక ఇంతకు భిన్నముగా నుండదు.

ఇదే బాటపై 1830లో ఒక తెలుగువాడు ప్రయాణించెను. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య ఆ సంవత్సరము మే 18వ తేదీన కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరెను. పరివారము ఇంచుమించు నూరుమంది. హైదరాబాదు విడిచి, రామాయంపేట, బిక్కనూరు, కామారెడ్డిపేటల మీదుగా ఆర్మూరు, నిర్మల చేరి నాగపూరు దారి పట్టిరి. అది వర్షకాలము. ప్రతి మజిలీలో నీటివసతి యెట్లున్నది, అంగళ్ళు కలవా, దిగుటకు చోటున్నదా, ముందు దారి యెట్టిది అను విషయములను ఆయన లేఖలుగా వ్రాసియుంచెను. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్ర నేటికిని విడిది ఏర్పాట్లు చేసికొనువారికి ఉపయోగింపగల గ్రంథము; దారి మారినది గాని, ప్రయాణికుడు అడుగవలసిన ప్రశ్నలు మారలేదు.

దొరలకును ధనికులకును పల్లకులు, డేరాలు ఉండెను సరే. ఇల్లే ప్రయాణమైన జనము ఒకటి ఈ ప్రాంతమున కలదు. వారు లంబాడీలు. గాంధారి, ఎల్లారెడ్డి ప్రాంతములలో నేడు తండాలుగా స్థిరపడిన వీరి పూర్వులు ఎద్దులపై ధాన్యము, ఉప్పు వేసికొని దక్కను అంతటను తిరుగాడిరి. పది పండ్రెండు వేల ఎద్దులు గల బిడారులు ఎదురైనచో అవి దాటిపోవువరకు బాటసారులు రెండు మూడు దినములు ఆగవలసి వచ్చెడిదని తావెర్నియే వ్రాసెను. మొగలుల సేనలకును, 1803లో వెల్లస్లీ సేనకును తిండిగింజలు చేరవేసినవారు వీరే. బండి లేని ఈ ప్రయాణములో వాహనమే ఇల్లుగా మారు ఉపాయము గమనింపదగినది. రాత్రికి ఎద్దులపైనుండి దించిన గోనెలను వరుసగా పేర్చినచో అదియే గోడ. పైన గుడ్డ కట్టినచో అదియే కప్పు. సరకు, గోడ, ఇల్లు, మూడును ఒక్కటే. తెల్లవారగనే గోడలు మరల ఎద్దులపైకి ఎక్కును. నేటి విహారవాహనములలో పగటి కూర్చుండుపెట్టె రాత్రి మంచమగుటను చూచి ఆశ్చర్యపడువారు దీనిని తలచుకొనవలెను.

సామాన్య గృహస్థుల విడిదివాహనము గూడుబండి. తెలంగాణములో దీనిని కచ్చురమనియు అందురు. జాతరలకు పోవు కుటుంబము, పుట్టింటికి పోవు ఆడపడుచు దీనిలోనే పరుండి రాత్రి ప్రయాణము చేసెడివారు. దీని నిర్మాణము చూచుటకు సులభమే గాని అందులో భౌతికశాస్త్రము చాల నున్నది. వెదురుబద్దలను విల్లువలె వంచి పైన తడక గాని చాప గాని కప్పుదురు. అడుగున మందముగా వరిగడ్డి పరచి, దానిపై జంపఖానా వేయుదురు. బండికి స్ప్రింగులు లేవు. చక్రము రాతిపైకెక్కిన ప్రతిసారి కుదుపు నేరుగా ఇరుసు ద్వారా పైకి వచ్చును. గడ్డిలోని వేలకొలది పుడకలు వంగుచు, ఒకదానితో నొకటి ఒరసికొనుచు ఆ శక్తిని వేడిమిగా మార్చివేయును. పరుపు మెత్తన కొరకు మాత్రమే గాక కుదుపును చంపుటకును వేయబడుచున్నదన్న మాట.

చక్రమునకు ఇనుపపట్టా తొడుగుట మరియొక చక్కని ప్రయోగము. కొలతకు కొంచెము చిన్నదిగా చేసిన పట్టాను పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చి, చక్రముపై దించి, వెంటనే నీళ్ళు పోయుదురు. సుమారు 1.4 మీటర్ల వ్యాసము గల పట్టా చుట్టుకొలత 4.4 మీటర్లు. ఇనుము ఒక డిగ్రీ వేడికి పదిలక్షలలో పండ్రెండు వంతులు పెరుగును కావున, 500 డిగ్రీలు వేడెక్కిన పట్టా చుట్టుకొలత రెండున్నర సెంటీమీటర్లకు పైగా పెరుగును. చల్లారినప్పుడు అది బిగిసి, ఆకులను నాభిలోనికి నొక్కిపట్టును. ఒక మేకు గాని, జిగురు గాని అక్కరలేదు.

కాని ఈ బండికి ఒక ఇబ్బంది కలదు. రెండే చక్రములు, ఎద్దులను విప్పగనే నొగ నేలకు వ్రాలును. ఇరుసు ఎత్తు 70 సెంటీమీటర్లు, ఇరుసునుండి నొగ కొనవరకు 3 మీటర్లు అనుకొన్నచో, బండి అడుగు సుమారు 13 డిగ్రీల వాలుగా నిలుచును. ఆ వాలుపై నిద్రించువాడు రాత్రియంతయు క్రిందికి జారుచునే యుండును. అందుచే విడిదిలో మొదటి పని కాడి క్రింద ఊతకర్ర నిలిపి బండిని సమమట్టమునకు తెచ్చుట. నేటి లక్షల రూపాయల వాహనమునకును ఈ సమస్య తప్పలేదు. దానికి జాకీలు, బండికి ఊతకర్ర, అంతియే భేదము.

1901 నాటికి సికిందరాబాదు నుండి మన్మాడు వరకు గోదావరి లోయ రైలుమార్గము పూర్తియయ్యెను. కామారెడ్డి దానిపై ఒక స్టేషను. రైలుతో రెండు మార్పులు వచ్చినవి. లంబాడీల ఎద్దుల బిడారుల వ్యాపారము అడుగంటెను. అంతకుముందే 1871 నాటి నేరస్థజాతుల చట్టము ఇట్టి సంచారజాతులను అనుమానపు దృష్టితో చూచుట ప్రారంభించియుండెను. దేశమునకు తిండి మోసినవారిని దొంగలుగా లెక్కించిన ఆ చట్టము 1952 వరకు రద్దు కాలేదు. రెండవది, రైలు అధికారులకు సెలూను పెట్టె లభించెను. పడకగది, స్నానపుగది, వంటగది గల ఆ పెట్టెను స్టేషనులో విడదీసి ప్రక్క పట్టాలపై నిలిపినచో అదియే విడిది.

కాని పట్టాలు ఎల్లారెడ్డికి పోలేదు. రైలు లేని గ్రామములకు దౌరా వెడలు అధికారి మకాము వేరొక విధముగా నడచెను. ఇచ్చటనే ఈ చరిత్రలోని చేదు భాగము. నిజాం రాజ్యములో డేరాలు, మంచములు, పెట్టెలు ఒక ఊరినుండి ఇంకొక ఊరికి చేరవేయుట గ్రామస్థుల వంతు. బండ్లు రైతులవి, కుండలు కుమ్మరివి, బట్టలుతుకుట చాకలిది, మూటలు మోయుట మాల మాదిగలది, పాలు, కోళ్ళు, కట్టెలు ఊరివి. కూలి లేదు. ఇదియే వెట్టి. తావెర్నియే కాలమున బోయీకి నాలుగు రూపాయలైన దక్కెను. ఇచ్చట అదియు లేదు. దున్నవలసిన దినములలో ఎద్దులు దౌరాకు పోయినచో అదను తప్పి పంటయే పోవును. మాడపాటి హనుమంతరావు ఈ వెట్టిచాకిరిని గూర్చి వ్రాసి ప్రచారము చేసెను. 1930లో ఎల్లారెడ్డికి దక్షిణముననున్న జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ జరిగెను. వెట్టి నిర్మూలనము ఆ ఉద్యమపు ముఖ్యమైన కోరికలలో నొకటి. చివరకు 1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము 23వ అధికరణము బేగారును పేరుపెట్టి నిషేధించెను. ఒక డేరా మోయుటకు సంబంధించిన మాట రాజ్యాంగమువరకు పోవుట సామాన్య విషయము కాదు.

ఐరోపాలో ఈ కథ వినోదముగనే సాగినది. 1885లో గోర్డన్ స్టేబుల్స్ అను స్కాట్లండు వైద్యుడు రెండు గుఱ్ఱములు లాగు 18 అడుగుల విహారశకటమును బ్రిస్టలులో కట్టించుకొని దేశాటనము చేసెను. 1910లో అమెరికాలో పియర్స్ ఆరో అను సంస్థ మడత పడక గల మోటారుబండిని ప్రదర్శించెను. తెలుగుదేశములో జనులందరు చూచిన మొదటి నడచు విడిది మాత్రము వినోదమునకు పుట్టినది కాదు. 1982 మార్చి 29న పార్టీ స్థాపించిన నందమూరి తారక రామారావు ఒక పాత షెవ్రొలే వ్యానును మార్పించి, దానికి చైతన్యరథమని పేరిడి, 1983 జనవరి ఎన్నికలవరకు ఊరూర తిరిగెను. కుమారుడు హరికృష్ణ నడిపెను. పైన ప్రసంగవేదిక, లోపల విశ్రాంతి. స్నానము, భోజనము రోడ్డుప్రక్కనే. రాజకీయము ఇచ్చట ప్రస్తుతము కాదు. మకాము కొరకు ఏ గ్రామముపైనను ఆధారపడనక్కరలేని వాహనము ప్రయాణవేగమును ఎంత పెంచగలదో దానివలన స్పష్టమైనది.

ఇక నేటి విహారి చూచుకొనవలసినవి కొన్ని కలవు. పోచారము చెరువు 1922లో పూర్తియైనది. చుట్టునున్న అడవి 1952లో వన్యప్రాణి అభయారణ్యమైనది. అందుచే అచ్చట రాత్రి నిలుచుటకు అటవీశాఖ అనుమతి లేక పోరాదు. నిజాంసాగరము 1923లో ప్రారంభమై 1931లో ముగిసెను; గట్టుదిగువన, అలుగు పారు దారిలో వాహనము నిలుపుట ప్రమాదకరము. వాహనపు కట్టడమును రిజిస్ట్రేషను పత్రమునకు విరుద్ధముగా మార్చుటను 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను అంగీకరింపదు. కావున పైకప్పు కోయక, సీట్లు పెకలింపక, తీసి పెట్టుకొనదగిన చెక్కమంచము అమర్చుకొనుటయే మేలు. నీరు లీటరుకు కిలో బరువు. ఏబది లీటర్ల డబ్బా ఒక మనిషి బరువునకు దగ్గరగా నుండును. దానిని ఎత్తున పెట్టక, ఇరుసుల నడుమ క్రిందుగా పెట్టవలెను.

అన్నిటికంటె ముఖ్యము గాలి. వెదురుతడక గూడుబండి గాలిని ఆపలేదు, ఉక్కుపెట్టె ఆపును. మనిషి ఊపిరిలోని తేమ చల్లని రేకుపై బిందువులుగా చేరుట చిన్న చిక్కు. పెద్ద చిక్కు కార్బన్ మోనాక్సైడు. కుంపటి గాని, తిరుగుచున్న ఇంజను గాని, జనరేటరు గాని దీనిని వెలువరించును. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైగా ఆసక్తితో దీనిని పట్టుకొనును. నిద్రించువాడు మేలుకొనకయే మరణించును. 2024 డిసెంబరులో కేరళలోని వడకర వద్ద రోడ్డుప్రక్కన నిలిపిన కారవానులో నిద్రించిన ఇద్దరు ఈ విధముగనే మరణించిరి. జనరేటరు పొగ లోనికి చేరెను. కావున లోపల మంట పెట్టరాదు. ఇంజను, జనరేటరు ఆపియే పరుండవలెను. ఒక కిటికీని క్రిందుగా, ఎదుటి ప్రక్క ఇంకొకదానిని పైభాగమున రెండు వ్రేళ్ళ సందు తెరచి, దోమలు రాకుండ సన్నని జాలి బిగింపవలెను. వేడిగాలి పైసందునుండి పోవుచుండగా చల్లగాలి క్రిందిసందునుండి వచ్చుచుండును. ఎదురెదురుగా రెండు కొనలును తెరచియుండు కచ్చురములో ఈ ఏర్పాటు వేరుగా చేయవలసిన పని యుండెడిది కాదు.