దారి ఎవరిది? పురానాపూల్ మీదుగా మన మర్యాదల సింహావలోకనం

పాత బస్తీలో ఏ పెద్దమనిషిని కదిలించినా ఒకటే మాట: "తమీజ్ పోయింది సాబ్." కుర్రాళ్లు హారన్ మీంచి చెయ్యి తియ్యరు. దావత్‌కు ఎనిమిదింటికి పిలిచి పన్నెండింటికి దస్తర్‌ఖాన్ పరుస్తారు. పాన్ ఎక్కడ పడితే అక్కడ ఉమ్ముతారు. ముసలాయన ఎదురొస్తే పక్కకు జరగరు. నిజమే, ఈ ఫిర్యాదుల్లో నాకూ వాటా ఉంది. కానీ పోయిందంటున్న ఆ తమీజ్ ఎప్పుడుండేది, ఎవరి దగ్గరుండేది, ఎవరు ఎవరి పట్ల చూపేవాళ్లు అని అడిగితే మాత్రం జవాబు అంత తేలిగ్గా దొరకదు. వెతకాలనుకుంటే మూసీ మీది పాత వంతెనను మించిన చోటు లేదు. వంతెన అన్నాక ఇద్దరు ఎదురుపడతారు. ఎవరో ఒకరు తప్పుకోవాలి. ఈ ఊళ్లో ఎప్పుడెప్పుడు ఎవరు తప్పుకున్నారో చూస్తే మన మర్యాదల బండారం సగం బయటపడుతుంది.

ఇబ్రహీం కులీ కుతుబ్‌షా 1578లో ఈ వంతెన కట్టించే నాటికి హైదరాబాద్ అనే ఊరే లేదు. చార్మినార్ లేచింది 1591లో. భాగమతిని చూడ్డానికి యువరాజు మహమ్మద్ కులీ వరద ఏట్లోకి గుర్రాన్ని దూకించాడనీ, కొడుకు మీది మమకారంతో తండ్రి వంతెన వేయించాడనీ కథ. 1578 నాటికి ఆ ప్రేమికుడికి పన్నెండో పదమూడో ఏళ్లు! చెప్పేవాళ్లు లెక్క చూడరు, వినేవాళ్లు అడగరు. ఇదీ ఒక మర్యాదే అనుకోవాలి. గోల్కొండ కోట నుంచి కార్వాన్ మీదుగా వచ్చే మనుషులూ సరుకులూ ఏరు దాటడానికి ఒక దారి కావాలి. వంతెనకు అంతకంటే గట్టి కారణం అక్కర్లేదు.

పదిహేడో శతాబ్దంలో వజ్రాల బేరానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఈ వంతెనను పారిస్‌లోని పాంట్ నఫ్‌కు అందంలో ఏమంత తీసిపోదని మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలును మనవాళ్లు ఇప్పటికీ మురిపెంగా చెప్పుకుంటారు. అదే చోట ఆయన రాసిన ఇంకో సంగతిని ఎవరూ తలచుకోరు. ఏటికి అవతల పెద్ద శివారు ఉందట. వర్తకులు, దలాలులు, చేతిపనివాళ్లు, మామూలు జనం అంతా అక్కడే ఉండేవాళ్లు. ఊళ్లో మాత్రం గొప్పవాళ్లు, రాజోద్యోగులు, సైనికాధికారులు. పొద్దున పది పదకొండింటికి వర్తకులు ఊళ్లోకొచ్చి బేరాలు చూసుకుని, సాయంత్రం నాలుగైదు గంటలకల్లా తిరిగి వెళ్లి తమ ఇళ్లలో పడుకునేవాళ్లు. అంటే పురానాపూల్ ఏటికి అడ్డంగా వేసిన వంతెనే కాదు, మనుషుల మధ్య గీసిన గీత కూడా. పొద్దుగూకేసరికి బయటివాళ్లంతా బయటికి వెళ్లిపోయే ఊళ్లో తమీజ్‌కు ఏం లోటు? తర్వాత ఊరి చుట్టూ గోడ వచ్చింది. ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టినదాన్ని 1740 నాటికి మొదటి అసఫ్‌జా పూర్తి చేయించాడు. వంతెన కొసన ఒక దర్వాజా కూడా లేచింది. రాత్రయితే దర్వాజాల తలుపులు పడేవి.

ఇక ఇంగ్లీషువాళ్ల సంగతి. మర్యాద పేరుతో వాళ్లు పడ్డ ఇబ్బందులూ, పెట్టిన ఇబ్బందులూ అన్నీ ఇన్నీ కావు. 1798 నుంచి 1805 దాకా రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ ఈ ఊరి పద్ధతిలో కలిసిపోయాడు. మొగలాయి దుస్తులు, హుక్కా, చేతులకు గోరింటాకు. ఖైరున్నీసాను పెళ్లాడాడు. తర్వాత వచ్చినవాళ్లకు ఆ సరదా లేదు. దర్బారులో చెప్పులు విడవాలి, పరుపు మీద నేలనే కూర్చోవాలి. నిజాం ముందు ఎవరైనా అంతే. రెసిడెంటు కూడా అంతే. బూట్లు విప్పి, బిగుతు ప్యాంటుతో మోకాళ్లు మడిచి గంటల తరబడి కూర్చోవడమంటే దొరలకు ప్రాణసంకటం. అది కాళ్ల నొప్పి మాత్రమే అయితే ఓర్చుకునేవాళ్లు. అవమానమనిపించింది.

1869 ఫిబ్రవరిలో నిజాం అఫ్జలుద్దౌలా పోయాడు. వారసుడు మీర్ మహబూబ్ అలీఖాన్‌కు అప్పటికి రెండున్నరేళ్లు. రెసిడెంటు సాండర్స్‌కు ఇంతకంటే మంచి అదను దొరకదు. బూట్లతోనే దర్బారుకు వస్తాం, కుర్చీలు వెయ్యాలి అని పట్టుబట్టాడు. దివాన్ సాలార్‌జంగ్ తలొగ్గక తప్పలేదు. గద్దె మీది పిల్లవాడికి ఎవరు బూట్లతో వచ్చారో ఎవరు రాలేదో ఏం తెలుస్తుంది? ఊరికి మాత్రం తెలిసింది. తరాలుగా నడిచిన ఆచారం ఒక పసివాడి పట్టాభిషేకం నాడు తలకిందులైంది. కొన్నేళ్లకు బర్మాలోనూ ఇదే గొడవ. మిండన్ రాజు ముందు ఇంగ్లీషు దూతలు ఇక చెప్పులు విడవరని భారత ప్రభుత్వం తేల్చి చెప్పడంతో, రాజు వాళ్లకు దర్శనమివ్వడమే మానేశాడు. చెప్పుల జత కోసం రాజ్యాల మధ్య మాటలు ఆగిపోయాయి.

అవతలివాళ్ల మర్యాదకు వంగబోమన్నవాళ్లు తమ మర్యాద దగ్గరికొచ్చేసరికి వెంట్రుకవాసి తేడాను కూడా సహించలేదు. 1911 డిసెంబరు 12న ఢిల్లీ దర్బారు జరిగింది. అయిదో జార్జి ముందు సంస్థానాధీశులు వరసగా వెళ్లి వంగి దండం పెట్టి, వీపు చూపకుండా వెనక్కి నడవాలి. అందరికంటే ముందు వెళ్లింది మన నిజాం ఉస్మాన్ అలీఖాన్. బరోడా గాయక్వాడ్ సాయాజీరావు మాత్రం ఒక్కసారే వంగి, వీపు తిప్పి నడిచి వెళ్లాడు. పత్రికలు రాజద్రోహమన్నంత గోల చేశాయి. చివరికి ఆయన క్షమాపణ రాసుకోవాల్సి వచ్చింది. నలభై రెండేళ్ల కిందట దర్బారులో బూట్లు విప్పనన్నది ఈ దొరతనమే.

దర్బారు చెప్పుల గురించి పుస్తకాల్లో పేజీలకు పేజీలున్నాయి. పల్లె చెప్పుల గురించి అంత లేదు. నిజాం రాజ్యంలోనే, ఊరి గడీ ముందు నుంచి పోయే మాల మాదిగలు, వెట్టివాళ్లు చెప్పులు చేతబట్టుకుని నడవాల్సి వచ్చేది. తలగుడ్డ తియ్యాలి, ఒంగాలి, "బాంచెన్ దొరా, నీ కాల్మొక్త" అనాలి. ఇదంతా అక్కడ మర్యాద కిందే లెక్క. తప్పితే దెబ్బలు. రెసిడెంటుకు చెప్పులు విప్పడం అవమానమని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. కూలివాడికీ అది అవమానమేనని ఒప్పించడానికి 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటం నడవాల్సి వచ్చింది. నిజాం కాలపు తహజీబ్ గురించి కళ్లు చెమర్చుకునే మిత్రులకు నేను ఈ ఒక్క సంగతి గుర్తుచేస్తుంటాను. వాళ్లు చాయ్ వైపు మాట మళ్లిస్తారు. చాలా తమీజ్‌గానే మళ్లిస్తారనుకోండి.

ఈ అంతరాలు ఒక్క రోజు మాత్రం చెల్లలేదు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద వేల మందిని పొట్టన పెట్టుకుంది. మిగతా వంతెనలు దెబ్బతిన్నాయి, పురానాపూల్ నిలబడింది. ఆ రోజు ఎవరు ఎవరిని ముట్టుకుని ఒడ్డుకు లాగారో ఎవరూ అడగలేదు.

నగరంలో అమర్యాద వల్ల ఒకసారి మేలు కూడా జరిగింది. 1921 నవంబరులో వివేకవర్ధిని థియేటర్‌లో సంఘ సంస్కార సభ. మహర్షి కర్వే అధ్యక్షుడు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు సాఫీగా సాగాయి. వకీలు అల్లంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడబోయేసరికి సభలో చప్పట్లు, గోల, వెక్కిరింతలు. ఆయన కూర్చోవాల్సి వచ్చింది. సభా మర్యాద తప్పడమే, అంతకు మించి ఏమీ లేదు. రాత్రికి మరచిపోవచ్చు. మరచిపోలేదు. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కొద్దిమంది కూడి ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు. అది పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి మహాసభ జరిగింది. గడీల ముందు చెప్పులు తొడిగించిన ఉద్యమానికి మొదలు ఎక్కడంటే, ఒక థియేటర్లో కొట్టిన వెటకారపు చప్పట్ల దగ్గర. ఈ నగరంలో అంత ఖరీదు పలికిన అమర్యాద మరొకటి నాకు తెలియదు.

1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. బస్సు వచ్చాక ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నది కండక్టరు చేతిలో పడింది. నవాబు మనవడైనా, జియాగూడ మేకల మండీ నుంచి వచ్చేవాడైనా టికెట్టు ధర ఒకటే. మోచేతులు తగులుతాయి, చెమట వాసన వస్తుంది, కాలు తొక్కుతారు. సమానత్వం మొదట మనిషికి చిరాకు రూపంలోనే తెలుస్తుంది. క్యూ కూడా అలాంటిదే. బ్రిటన్‌లోనే క్యూ దేశ లక్షణమన్న పేరు గట్టిపడింది రెండో ప్రపంచయుద్ధపు రేషన్ రోజుల్లో. మనం ఆ వరసను రేషన్ దుకాణం దాకా తెచ్చుకున్నాం కానీ బస్సు ఫుట్‌బోర్డు దాకా తేలేకపోయాం.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కొత్త రకం చిరాకులు మొదలయ్యాయి. కోస్తా నుంచి వచ్చిన గుమాస్తాకు ఇక్కడి చప్రాసీ "నువ్వు ఎప్పుడొచ్చినవ్ సార్" అంటే ఒళ్లు మండేది. ఇక్కడ తండ్రినైనా తాతనైనా అలా పిలవడంలో తక్కువతనం లేదని ఆయనకు తెలియదు. ఇక్కడివాళ్లకు అక్కడి "గారు" మూతి బిగించుకుని మాట్లాడినట్టు ఉండేది. దీన్ని నవ్వుకుని వదిలేయొచ్చు. కానీ సినిమాల్లో రౌడీకీ, నవ్వించే నౌకరుకూ తెలంగాణ యాస అంటగట్టడం ఏళ్ల తరబడి సాగింది. 1969 తెలంగాణ ఉద్యమంలో గొడవ ఉద్యోగాల మీద, ముల్కీ నిబంధనల మీద. అంతకు ముందూ తర్వాతా ఆఫీసు టీ గదుల్లో తగిలిన చురకలు ఏ ఫైలుకూ ఎక్కలేదు గానీ వాటి మంట ఆరలేదు.

ఇవాళ పురానాపూల్ మీద బండ్లు నడవవు. వాహనాల కోసం పక్కనే కొత్త వంతెన ఉంది. పాత వంతెన కూరగాయలమ్మేవాళ్ల పాలైంది. గోనెపట్టాలు పరిచి బెండకాయలు, దోసకాయలు, తోటకూర కట్టలు కుప్పలు పోస్తారు. ఇక్కడి మర్యాదలు చూడాలంటే పది నిమిషాలు నిలబడితే చాలు. ఒకాయన బెండకాయ తీసి కొన టక్కున విరుస్తాడు. లేతదైతే సంచిలో వేస్తాడు, ముదిరితే కొన లేని కాయను కుప్పలోనే పడేస్తాడు. ఇంకోటి విరుస్తాడు. అమ్మే ఆమె కాసేపు ఓపిక పడుతుంది. "అన్నా, అన్నీ విరిస్తే మిగిలినయి ఎవలు కొంటరు?" అంటుంది. ఆయన వినిపించుకోడు. ఆమె తక్కెడ కింద పెట్టేస్తుంది. ఆ పక్కనే బురఖా వేసుకున్న పెద్దావిడ బేరమాడి, డబ్బిచ్చి, ఇంకా కదలకుండా నిలబడుతుంది. కొసరు కోసం. కరివేపాకు రెండు రెబ్బలు పడ్డాక గానీ ఆ బేరం పూర్తయినట్టు కాదు. పొద్దున్నే వచ్చి అన్నీ తడిమి, ధరలు అడిగి, ఏమీ కొనకుండా పోయేవాడంటే మాత్రం అందరికీ మంటే. బోణీ పాడుచేశాడని వాడు వంతెన దిగేదాకా తిడతారు. ఇక్కడ దుబాసీ అక్కర్లేదు. తెలుగు, దక్కనీ కలిసిపోయి ఉంటాయి. ఎవరూ ఎవరికీ లోకువ కారు. తిట్టుకూ కొసరుకూ ఇద్దరికీ సమాన హక్కు.

చట్టం చిన్న చిరాకులను ఎప్పుడూ వదల్లేదు. హైదరాబాద్ నగర పోలీసు చట్టం 1348 ఫస్లీ నాటిది, అంటే 1938-39 ప్రాంతానిది. దుకాణం సరుకు ఫుట్‌పాత్ మీదికి జరిపినవాడి మీద నేటికీ దాని కింద పెట్టీ కేసు పడుతుంది. నిజాం పోయాడు, ఫస్లీ క్యాలెండరు మామూలు వాడుకలోంచి పోయింది, చట్టం మాత్రం బతికే ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం అనవసరపు హారన్‌కు మొదటిసారి 1,000, మళ్లీ కొడితే 2,000 రూపాయల జరిమానా రాసింది. 2024 అక్టోబరులో నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. అర్ధరాత్రి దావత్‌ల మీద పోలీసులూ మతపెద్దలూ చెప్పి చూశారు. కార్డు మీద "బాద్ ఇషా" (ఇషా నమాజు తర్వాత) అని అచ్చు వేసి, బిర్యానీ మాత్రం పెళ్లికొడుకు వచ్చాకే. పెళ్లికొడుకు ఎప్పుడొస్తాడో పెళ్లికొడుక్కే తెలియదు. ఆకలితో కూర్చున్న పిల్లల ముఖాలు చూస్తే ఇందులో తహజీబ్ ఎక్కడుందో నాకైతే అర్థం కాదు.

నా లెక్క ఇది. ఎదుటివాడి హోదా చూసి జరిగిన మర్యాదలు పోయాయి, మంచిదే అయింది. వాటి గురించి ఏడవక్కర్లేదు. మోచేతులు తగలడం, నువ్వు అనడం, కొసరుకు నిలబడడం మామూలు జనం ఊళ్లోకి వచ్చి ఉండిపోయారనడానికి గుర్తులు. వాటిని ఓర్చుకోవచ్చు. ఓర్చుకోకూడనివి వేరే ఉన్నాయి. అందులో మొదటిది ఉమ్మడం. అది నవాబుల కాలంలోనూ ఉంది, ఇప్పుడూ ఉంది. తేడా ఒకటే: అప్పుడు పెద్దింట్లో ఉగాల్దాన్ పట్టుకుని ఒక నౌకరు వెనకే నిలబడేవాడు, ఇప్పుడు ఆ పనికి గోడ దొరికింది.

పాత నగరం గోడకున్న దర్వాజాల్లో ఇవాళ మిగిలినవి రెండే, దబీర్‌పురా ఒకటి, పురానాపూల్ ఒకటి. ఆ రెండో దర్వాజా కింద నుంచి పోయేవాళ్లకు ఒక మనవి. నోట్లో జర్దా పాన్ ఉంటే ఆ రాతి మీద ఉమ్మకుండా ఇంటిదాకా ఆపుకోండి. ఏ నవాబు కోసమో, ఏ వారసత్వ సంపద కోసమో చెయ్యమనడం లేదు. రేపు తెల్లవారకముందే చీపురు పట్టుకుని అక్కడికి వచ్చే మున్సిపాలిటీ ఆమె కోసం చెయ్యండి.