ఆకాశములో టెలివిజన్ గోపురము

భారతదేశములో టెలివిజన్ ప్రసారములు 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రారంభమైనవి. రెండవ కేంద్రము బొంబాయిలో నెలకొనుటకు 1972 వరకు ఆగవలసి వచ్చినది. ఇందుకు ధనము కొరత యొక్కటే కారణము కాదు. టెలివిజన్ తరంగములు రేడియో హ్రస్వ తరంగముల వలె పై వాతావరణమును తాకి తిరిగి భూమికి రావు, సూటిగా పోవును. భూమి గుండ్రముగా నున్నది గనుక, ఎంత ఎత్తైన గోపురము కట్టినను ప్రసారము కొన్ని పదుల కిలోమీటర్లకు మించి అందదు. ఇట్టి గోపురములతో ఇంత దేశమును నింపుట ఎన్నటికి?

గోపురమును ఆకాశములోనే నిలిపినచో? భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహము భూమితో పాటే తిరుగును గనుక మనకు కదలనట్లే కనబడును. విక్రం సారాభాయి ఈ మార్గమును ఎన్నుకొనిరి. 1969లో అమెరికా సంస్థ నాసాతో ఒప్పందము కుదిరినది. దాని ఫలితమును ఆయన చూడలేదు, 1971లో మరణించిరి.

చిక్కు ఒకటి కలదు. అంత దూరము నుండి వచ్చు సంకేతము మిక్కిలి బలహీనము. పూర్వపు ఉపగ్రహముల సంకేతములను పట్టుటకు భూమిపై బ్రహ్మాండమైన యాంటెన్నాలు కావలసి వచ్చెడివి. పల్లెటూరి బడికి అది సాధ్యమా? 1974 మే నెలలో ప్రయోగించిన ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము ఈ బరువును తానే నెత్తికెత్తుకొన్నది. దాని 9 మీటర్ల యాంటెన్నా అంతరిక్షములో గొడుగు వలె విచ్చుకొని, శక్తిని నలుదిక్కులకు చెదరనీయక ఒక్క వైపునకే కూర్చి పంపెను. అందుచేత క్రింద 3 మీటర్ల యాంటెన్నా చాలినది. దానిని కోళ్ల దొడ్లకు కట్టు ఇనుపవలతో చేసిరి! వల కన్నుల గుండా తరంగములు జారిపోవా యని విద్యార్థులు అడుగవచ్చును. 860 మెగాహెర్ట్జ్ తరంగము పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. వల కన్నులు అంతకంటె ఎంతో చిన్నవి గనుక తరంగమునకు అది అద్దము వంటిదే.

1975 ఆగస్టు 1న ప్రసారములు మొదలైనవి. ఆంధ్రప్రదేశముతో సహా ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములు వానిని అందుకొన్నవి. సెట్లను హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. తయారు చేసినది. విద్యుత్తు లేని కొన్ని ఊళ్లలో బ్యాటరీలు వాడిరి. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు కార్యక్రమములు. తెలుగులోను పాఠములు వచ్చెను. వేలాది ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ కూడ ఈ ఉపగ్రహము ద్వారానే లభించుట విశేషము.

కాని ఉపగ్రహము ఎరువు సొమ్ము. 1976 జూలై 31తో గడువు తీరినది. 1977లో హైదరాబాదు కేంద్రము వచ్చినను, దాని పరిధికి ఆవలనున్న గ్రామములలో పెట్టెలు మూగవోయినవి. మన దేశపు సొంత ఉపగ్రహము ఇన్సాట్-1ఎ 1982లో కొద్ది నెలలకే విఫలమైనది. ఇన్సాట్-1బి 1983లో కక్ష్య చేరినది.