పిండిన బొమ్మ

చిన్నప్పుడు మా ఊరి టూరింగ్ టాకీస్‌లో అప్పుడప్పుడూ పేర్లు పడే వేళకి హీరో తాటిచెట్టులా సన్నగా, పొడుగ్గా కనపడేవాడు. నేల టిక్కెట్టు వాళ్ల ఈలలు, "లెన్సు పెట్టరా ఒరేయ్!" అని కేకలు. ఆపరేటరు గబగబా ప్రొజెక్టరు ముందు లావుపాటి గొట్టం ఒకటి తగిలించేవాడు. అంతే, బొమ్మ ఒళ్లు విరుచుకుని తెరంతా పరుచుకునేది.

ఆ గొట్టమే అనామార్ఫిక్ లెన్సు. ఇవాళ షార్ట్‌ఫిల్మ్ కుర్రాళ్లు పాతసామాన్లలో గాలిస్తున్నదీ దాన్నే. స్టీలు గ్లాసులో మొహం చూసుకుంటే పొడవు అలాగే ఉండి వెడల్పు మాత్రం నొక్కుకుపోతుంది కదా, దీని గాజుకూ అలాంటి స్తంభపు వంపే. కెమెరా దగ్గర వెడల్పును సగానికి పిండి మామూలు 35 ఎం.ఎం. ఫిల్ములో ఇరికిస్తారు, హాల్లో మళ్లీ సాగదీస్తారు.

దీన్ని సినిమాకు తగిలించినాయన ఆన్రీ క్రెత్యేన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త. జార్జ్ రిచీతో కలిసి ఆయన రూపొందించిన టెలిస్కోపు పద్ధతే హబుల్‌లో ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో ట్యాంకు లోపలి సైనికుడికి బయట ఎక్కువ మేర కనపడాలని చేసిన ప్రయత్నం నుంచి 1920ల్లో 'హైపర్‌గొనార్' అనే ఈ లెన్సు పుట్టింది. దాన్ని నమ్మి తొలి సినిమా తీసినవాడు క్లోద్ ఓతాన్ లారా. మంచులో నిప్పు రాజేయలేక చచ్చిపోయే మనిషి గురించి జాక్ లండన్ రాసిన కథను ఎంచుకున్నాడు. లెన్సును అడ్డంగానే కాదు, పక్కకు తిప్పి నిలువు బొమ్మకూ వాడాడు. ఫోన్లో నిలువు వీడియోలు మన కనిపెట్టుడే అనుకునేవాళ్లకు చెప్పండి. 1930లో పారిస్‌లో ఆ చిత్రం ఆడేనాటికి లోకమంతా టాకీల మోజులో ఉంది. మూకీని ఎవరూ పట్టించుకోలేదు. దాని ప్రతి కూడా ఇప్పుడు లేదు. అంటే అనామార్ఫిక్ బోణీ చేసింది ఒక షార్ట్‌ఫిల్మే, అదీ నష్టానికి.

ఇరవై ఏళ్లు గాజు దుమ్ము కొట్టుకుపోయింది. అమెరికాలో టీవీ ఇళ్లలోకి దూరి హాళ్లు ఖాళీ అవుతుంటే, ఇంట్లో పట్టనంత బొమ్మ చూపించాలని ఫాక్స్ కంపెనీ వాళ్లు 1952లో ముసలి క్రెత్యేన్‌ను వెతుక్కుంటూ వచ్చారు. 1953లో వచ్చిన తొలి సినిమాస్కోప్ చిత్రం 'ది రోబ్'ను ఆయన పాత లెన్సులతోనే తీశారు. కొత్తవి తయారయ్యేదాకా ఆగే ఓపిక వాళ్లకెక్కడిది!

చిక్కు క్లోజప్పుల్లో వచ్చింది. మనిషి దగ్గరికొస్తే లెన్సు తక్కువ పిండుతుంది, ప్రొజెక్టరేమో ఎప్పట్లాగే రెట్టింపు సాగదీస్తుంది. హీరోయిన్ బుగ్గలు ఉబ్బిపోయేవి. హాలీవుడ్ వాళ్లు దానికి గవదబిళ్లలని పేరు పెట్టారు. పానావిజన్ కంపెనీ ఆ జబ్బు కుదిర్చి పేరు తెచ్చుకుంది.

మన దేశానికి గురుదత్ 'కాగజ్ కే ఫూల్' (1959)తో స్కోప్ వచ్చింది. తెలుగుకు మరో పదిహేనేళ్లు పట్టింది: 1974లో కృష్ణ నూరో చిత్రం 'అల్లూరి సీతారామరాజు', ఛాయాగ్రహణం వి.ఎస్.ఆర్.స్వామి. మన్యం కొండల వరసకు ఆ వెడల్పు కావాల్సిందే. మామూలు ఫ్రేములో అయితే కొండనో గుర్రాన్నో, ఏదో ఒకటి వదులుకోవాలి.

డిజిటల్ వచ్చాక హాళ్లలో ఆ గొట్టాలకు పని పోయింది. మా మేనల్లుడు ఒకటి తూకానికి కొన్నాడు. ప్రొజెక్టరు మీద తెరవైపు చూసిన పెద్దమూతి ఇప్పుడు కెమెరా ముందు హీరో వైపు చూస్తోంది. పోయిన వేసవిలో వాడి షూటింగుకు వెళ్లాను. బండి హెడ్‌లైటు వెలిగితే ఫ్రేముకు ఆ కొస నుంచి ఈ కొసకు నీలిగీత; వెనక వీధిదీపాలు కోడిగుడ్ల మాదిరి నిలువుగా సాగి ఉన్నాయి. ఒకప్పుడు ఇంజనీర్లు పోగొట్టాలని తంటాలు పడ్డ దోషాలివి; ఇప్పుడు కుర్రాళ్లకు కావాల్సింది ఇవే. కానీ ఈ గొట్టానికి ఫోకస్ రింగొకటి, లోపలి మామూలు లెన్సుకు ఇంకొకటి. రెండూ కుదిరితేనే కళ్లు తేటగా పడతాయి. అందుకని వాళ్ల హీరో కాళ్ల దగ్గర సుద్దముక్కతో గీత గీశారు. డైలాగు ఊపులో ఆ అబ్బాయి జానెడు ముందుకు జరిగాడు. "అన్నా, గీత!" అని అరిచాడు మావాడు. తొమ్మిదో టేకు.