బర్మింగుహాము సంస్కృతీ పరిశోధనకేంద్రము

విశ్వవిద్యాలయమనగనే మనవారికి శాస్త్రములు, ప్రాచీన కావ్యములు స్ఫురించును. అంగడిలో నమ్ముడుపోవు వారపత్రిక, జనులు పాడుకొను పాట, సాయంకాలపు టెలివిజను ప్రసారము, ఇవియు పండితుల పరిశ్రమకు దగిన వస్తువులే యని పట్టుపట్టి నిరూపించిన విద్యాస్థానములలో నొకటి ఇంగ్లండు దేశమున బర్మింగుహాము విశ్వవిద్యాలయమందు 1964వ సంవత్సరమున నెలకొనెను. దాని పుట్టుక యొక దాతృత్వ కథ గావున మన సంఘ మహారాజపోషకులు చిత్తగింప బ్రార్థన.

స్థాపకుడు రిచర్డ్ హోగార్టు. 1918లో లీడ్సు నగరమున శ్రామిక కుటుంబమున జన్మించి, బాల్యముననే తల్లిదండ్రులను గోల్పోయి, అవ్వ పెంపకమున బెరిగెను. పిదప హల్ విశ్వవిద్యాలయము పక్షమున చాల యేండ్లు వయోజనులకు బాఠములు చెప్పెను. 1957లో బ్రకటించిన ‘ది యూజెస్ ఆఫ్ లిటరసీ’ యను గ్రంథమున, తాను పుట్టిపెరిగిన పేటలోని జనుల మాటతీరును, పాటలను, వారు కొని చదువు చవుకపత్రికలను, కావ్యమును విమర్శించునంత శ్రద్ధతో విమర్శించెను. 1962లో బర్మింగుహామున ఆంగ్లసాహిత్యాచార్యుడై, ఇట్టి పరిశోధనకు బ్రత్యేక కేంద్రము కావలెనని కోరెను. విశ్వవిద్యాలయము వలదనలేదు, ధనము మాత్రము ఈయలేదు. మన పాఠశాలల కమిటీల నెఱిగినవారికి ఈ తరహా క్రొత్త గాదు.

ధనమిచ్చినవాడు పెంగ్విన్ ప్రచురణాలయాధిపతి సర్ అలెన్ లేన్. 1960లో డి. హెచ్. లారెన్సు నవల యొకటి అశ్లీలమని లండను న్యాయస్థానమున పెంగ్విన్ వారిపై అభియోగము నడువగా, హోగార్టు సాక్షియై ఆ గ్రంథపక్షమున నిర్భయముగ బలికెను. పెంగ్విన్ వారు నిర్దోషులైరి. లేన్ ఆ మేలు మఱవలేదు. ఏటికి 2,400 పౌనుల చొప్పున ఏడేండ్లు ఇచ్చెను. ఆ సొమ్ముతో హోగార్టు తనకు దోడుగ నియమించుకొనిన యువకుడు, 1932లో జమైకా ద్వీపమున బుట్టిన స్టూఅర్టు హాల్. ఈ యొక్క నియామకముతోనే దాత ధనము సార్థకమైనదని నా తలంపు.

హాల్ 1973లో నొక వ్యాసమున నిట్లు వాదించెను: ప్రసారకర్త యొక యర్థమును గూర్చి పంపును; వీక్షకుడు దానిని యథాతథముగ గ్రహింపవచ్చును; తన బ్రదుకుతో సరిచూచుకొని కొంత యొప్పి కొంత త్రోసిపుచ్చవచ్చును; లేదా యెదురు తిరిగి వేఱర్థము చెప్పుకొనవచ్చును. దీనిని బరీక్షింప డేవిడ్ మోర్లీ, ‘నేషన్‌వైడ్’ అను బి.బి.సి. కార్యక్రమమును 29 బృందములకు జూపి, వారి సంభాషణలను విని, 1980లో గ్రంథముగ బ్రకటించెను. బ్యాంకు మేనేజర్లకు కార్యక్రమపు దృష్టి సహజముగనే తోచెను. కార్మికసంఘ ప్రతినిధులు ఎదిరించిరి. నల్లజాతి విద్యార్థులు కొందఱు, ఇది మా బ్రదుకునకు సంబంధించినదే కాదని పెదవి విఱిచిరి. వింత యేమనగా, పనివాండ్రగు అప్రెంటిసులు మేనేజర్లకే చేరువగ బలికిరి!

సంస్కృతము చదివినవానికి ఇది విన్నంతనే భట్టనాయకుడును, అభినవగుప్తుడును జ్ఞప్తికి వత్తురు. రసాస్వాదము సామాజికునిదే యని వారు వేయేండ్ల క్రిందట సిద్ధాంతీకరించిరి. కాని ‘అన్నియు వేదములందే యున్నవి’ యని తృప్తిపడుట నాకిష్టము లేదు. మన సహృదయుడు కవితో హృదయము గలిపినవాడు. కలుపజాలని శ్రోత స్థితిని అభినవగుప్తుడు రసవిఘ్నములలో లెక్కించి, తొలగింపదగిన లోపముగనే చూచెను. మోర్లీ యన్ననో, ఆ శ్రోతనే యెదుట గూర్చుండబెట్టి, నీకేల రుచింపలేదని యడిగెను. సభలలో నుపన్యసించు మనము, కడపటి వరుసలోని వానిని గాని, పందిరి వెలుపల నిలిచిన యాడుపడుచును గాని ఆ ప్రశ్న యెన్నడైన నడిగితిమా?

హాల్ 1979లో ఓపెన్ విశ్వవిద్యాలయమునకు వెడలెను. బర్మింగుహాము కేంద్రము కాలక్రమమున డిపార్టుమెంటుగ మాఱి, 2001 నాటి పరిశోధన మూల్యాంకనమున దక్కువ శ్రేణి వచ్చినపిమ్మట 2002లో మూయబడెను. దేశదేశముల పండితుల నిరసనలు నిష్ఫలములైనవి. ఒక్క పరీక్ష చెడినదని పిల్లవానిని బడినుండి వెడలగొట్టుట నేనెన్నడు నొప్పినవాడను గాను, దీనిని నొప్పజాలను. అచటివారు సైక్లోస్టైలు ప్రతులుగ వెలువరించిన వ్యాసములను పిదప ఆ విశ్వవిద్యాలయమే భద్రపఱచినది.

మన సంఘపు పూర్వసంచికలు సంఘీయుల యిండ్ల అటకలపై నున్నవి. అందు దాతల ఛాయాచిత్రములు, సభా తీర్మానములు, వసతిగృహపు చందాల పట్టికలు, వర్తకుల ప్రకటనలు గలవు. చెదలపాలు గాకమునుపే వానిని కార్యదర్శిగారి కార్యాలయమునకు బంపుడు. అట్టలు చిరిగినవైనను బంపవచ్చును.