ఏ గొట్టం నుంచీ రాని విషం

1943 జులై 26న లాస్ ఏంజెలిస్ నడిబొడ్డున జనానికి కళ్ళు భగ్గున మండాయి, గొంతులు పట్టేశాయి. మూడు వీధుల అవతల ఏముందో కనిపించలేదు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. జపాన్ వాళ్ళు విషవాయువు వదిలారేమోనని కొందరు హడలిపోయారు. ఆ భయం తగ్గాక అనుమానం ఆలిసో వీధిలో ఉన్న ఒక ఫ్యాక్టరీ మీదికి మళ్ళింది. కృత్రిమ రబ్బరుకు కావలసిన బ్యూటడయీన్ అక్కడ తయారయ్యేది. గోల పెరిగేసరికి దాన్ని కొంతకాలం మూయించారు. గాలి మాత్రం బాగుపడలేదు.

ఆ ఊరి భౌగోళిక స్థితే అంత. ఉత్తరాన, తూర్పున కొండలు, పడమట సముద్రం. సముద్రం మీది చల్లటి గాలి నేలను అంటుకుని ఉంటే, దానిపైన వేడిగాలి పొర మూతలా కూర్చుంటుంది. కింద పుట్టింది ఎటూ పోలేదు. 1542లో స్పెయిన్ తరఫున ఓడలో వచ్చిన కాబ్రియో ఆ తీరాన కమ్ముకున్న పొగలు చూసి దానికి పొగల అఖాతమని పేరు పెట్టాడు.

1947లో లాస్ ఏంజెలిస్ కౌంటీ వాయు కాలుష్య నియంత్రణకని ప్రత్యేకంగా ఒక సంస్థను ఏర్పాటు చేసింది. అధికారుల చూపు మొదట గంధకం పొగ మీద పడింది. లండన్, పిట్స్‌బర్గ్ లాంటి బొగ్గు నగరాల అనుభవం అదే చెప్పింది మరి. వాళ్ళను తప్పుపట్టలేను. చమురు శుద్ధి కర్మాగారాల నుంచి వచ్చే గంధకాన్ని తగ్గించారు, ఫ్యాక్టరీల పొగగొట్టాలను కట్టడి చేశారు. అయినా కళ్ళు మండుతూనే ఉన్నాయి. పైగా అధికారులకు అంతుపట్టని సంగతి ఇంకొకటుంది. కౌంటీ పొలాల్లో పాలకూర ఆకుల అడుగుభాగం వెండిపూత పూసినట్టు మెరిసి ఎండిపోతోంది. గంధకం తగిలిన ఆకు అలా ఉండదు.

ఆకుల జబ్బు కాబట్టి ఆకుల సంగతి తెలిసినవాడి దగ్గరికే వెళ్ళారు. పక్క ఊరు పసడీనాలోని కాల్టెక్ విద్యాసంస్థలో పనిచేసే ఆరీ యాన్ హాగెన్-స్మిట్ 1900లో నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో పుట్టాడు. మొక్కల హార్మోన్ల మీద పరిశోధనతో పేరు తెచ్చుకుని 1930లలో అమెరికా వచ్చాడు. అప్పట్లో ఆయన చేస్తున్న పని అనాసపండు వాసనకు కారణమైన పదార్థాలను విడదీయడం. టన్నుల కొద్దీ పండు నుంచి వచ్చే ఆవిరిని అతిచల్లటి గాజుగొట్టాల్లో పట్టి, చుక్కలుగా దించి, ఒక్కొక్క చుక్కలో ఏముందో తేల్చేవాడు. గాలిలో కనపడకుండా తిరిగే అణువులను పట్టడానికి ఇంతకంటే తగిన శిక్షణ ఏముంటుంది?

అదే పరికరంలోంచి ఈసారి పసడీనా గాలిని పంపాడు. సుమారు 30,000 ఘనపుటడుగుల గాలి లాగితే అడుగున మిగిలింది కొన్ని చుక్కలు, ముదురు గోధుమ రంగులో, ముక్కు బద్దలయ్యే కంపుతో. పరీక్షిస్తే అందులో పెరాక్సైడ్లు, ఆల్డిహైడ్లు, సేంద్రియ ఆమ్లాలు కనిపించాయి. పెట్రోలు ఆవిరి ఆక్సిజన్‌తో కలిస్తే పుట్టే సరుకు అది. గంధకం మీద పెట్టుకున్న గురి తప్పని ఆయనకు అక్కడే అర్థమైంది.

ఇక రబ్బరు కథ. లాస్ ఏంజెలిస్‌లో టైర్లు మిగతా ఊళ్ళకంటే త్వరగా పగిలేవి. మనమూ పాత సైకిలు టైరు పక్కల సన్నటి నెర్రెలు చూసి ఎండకు పగిలిందంటాం. ఆ నెర్రెలు తెరిచేవాటిలో ఓజోన్ అనే వాయువుదే పెద్ద చెయ్యి. సాగదీసిన రబ్బరులోని బంధాలను అది తెంచుకుంటూ పోతుంది. హాగెన్-స్మిట్ రబ్బరు ముక్కను వంచి గాలిలో ఉంచి, ఎన్ని నిమిషాల్లో చీలిక పడుతుందో చూసి ఓజోన్‌ను కొలిచాడు. ఖరీదైన పరికరం లేకుండా దొరికిన ఆ కొలత నాకు ఆయన పనిలో అన్నిటికంటే ఇష్టమైనది.

ఆ ఓజోన్‌ను వదిలినవాళ్ళు ఎవరూ లేరు. ఏ గొట్టంలోంచీ అది బయటికి రాలేదు. కారు వదిలే నైట్రోజన్ డయాక్సైడ్‌ను ఎండ విడగొడుతుంది. విడిపడిన ఆక్సిజన్ పరమాణువు గాలిలోని ఆక్సిజన్ అణువుతో కలిసి ఓజోన్ అవుతుంది. మామూలుగానైతే విడగొట్టగా మిగిలిన నైట్రిక్ ఆక్సైడ్ ఆ ఓజోన్‌ను వెంటనే తినేసేది, లెక్క సరిపోయేది. మండకుండా మిగిలిపోయిన పెట్రోలు హైడ్రోకార్బన్లు నడుమ దూరి ఆ నైట్రిక్ ఆక్సైడ్‌ను తిరిగి నైట్రోజన్ డయాక్సైడ్‌గా మార్చేస్తాయి. ఓజోన్‌కు అడ్డు పోతుంది, పేరుకుంటుంది. అందుకే కార్లు కిక్కిరిసిన కూడలికంటే, గాలివాటున దూరంగా ఉన్న పసడీనాలో మధ్యాహ్నం బాధ ఎక్కువ. ఆయన ప్రయోగశాలలో పెట్రోలు ఆవిరిని, నైట్రోజన్ ఆక్సైడ్లను కలిపి వెలుతురు పడేలా చేస్తే ఆకులు పొలంలో లాగే వెండిరంగు తేలాయి, కళ్ళు మండాయి. 1952లో ఈ వివరమంతా అచ్చయింది.

అదే ఏడాది డిసెంబరులో లండన్‌ను కమ్మిన విషపు మంచు వేల ప్రాణాలు తీసింది. మన పత్రికలు రెండిటికీ పొగమంచు అనే రాస్తాయి. లండన్‌ది నిజంగా బొగ్గుపొగ, చలిమంచు, గంధకం కలిసినది. లాస్ ఏంజెలిస్‌ది ఎండ వండినది. పేరు ఒకటే కావడం వల్ల మందూ ఒకటేననుకునే ప్రమాదం ఉంది, అక్కడ జరిగిందీ అదే.

పెట్రోలే కారణమన్న హాగెన్-స్మిట్ మాట చమురు కంపెనీలకు మింగుడుపడలేదు. వాళ్ళ సొమ్ముతో పరిశోధన చేస్తున్న స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థ ఆ సిద్ధాంతాన్ని కొట్టిపారేసింది. ఆ హేళన ఆయనను బాగా గుచ్చింది. అనాసపండు దగ్గరికి వెళ్ళిపోవలసిన మనిషి కాలుష్యాన్నే పట్టుకుని ఉండిపోయాడు. కొన్నేళ్ళకు మిగతా ప్రయోగశాలలూ ఆయన చెప్పిందే కనుగొన్నాయి. 1956 నాటికి ఎడ్గర్ స్టీఫెన్స్, ఆయన సహచరులు ఈ గాలిలో ఆకులను, కళ్ళను బాధించే మరో పదార్థాన్ని, పెరాక్సీఎసిటైల్ నైట్రేట్‌ను, గుర్తించారు.

చట్టం నెమ్మదిగా కదిలింది. పెరట్లో చెత్త కాల్చే పొయ్యిలను 1957లో నిషేధించారు. 1966లో కాలిఫోర్నియా కారు గొట్టం నుంచి వచ్చే వాయువులకు హద్దులు పెట్టింది. రెండేళ్ళ తర్వాత గవర్నర్ రీగన్ రాష్ట్ర వాయు వనరుల మండలికి హాగెన్-స్మిట్‌నే మొదటి అధ్యక్షుణ్ణి చేశాడు. 1975 మోడల్ కార్లతో, గొట్టంలోని విషవాయువులను విరిచే కెటాలిటిక్ కన్వర్టర్ వచ్చింది. సీసం తగిలితే అది పాడవుతుంది కాబట్టి సీసం లేని పెట్రోలు కూడా దాని వెంటే వచ్చింది. మన దేశంలోనూ అదే వరస. 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త కార్లకు కన్వర్టర్, బంకుల్లో సీసం లేని పెట్రోలు మొదలయ్యాయి. హైదరాబాద్, విజయవాడ లాంటి మిగతా ఊళ్ళన్నిటికీ సీసం బెడద 2000లో వదిలింది. హాగెన్-స్మిట్ 1977లో కన్నుమూశాడు.

కార్లు ఎన్నో రెట్లు శుభ్రపడినా లాస్ ఏంజెలిస్‌లో ఓజోన్ ఇప్పటికీ హద్దు దాటుతోంది. చెట్లు వదిలే ఐసోప్రీన్ కూడా ఓజోన్‌కు ముడిసరుకేనని 1988లో అట్లాంటా నగరాన్ని పరిశీలించిన విలియం చమీడిస్ బృందం చూపింది. 2018లో మరో బృందం, ఇంట్లో వాడే రంగులు, జిగురులు, శుభ్రం చేసే ద్రావకాలు, సెంట్ల ఆవిరి ఇప్పుడు నగర గాలిలో పెట్రోలు ఆవిరితో పోటీపడేంత ఉందని లెక్కగట్టింది. అనాసపండు వాసనను చుక్కలుగా దించినవాడు మొదలుపెట్టిన వెతుకులాట, డెబ్బై ఏళ్ళు తిరిగేసరికి సెంటు సీసాల దగ్గరికి వచ్చింది.